వీధంతా ఒకే తోడు

సత్యవేణి ఆ చిన్న సీసాని లాబ్ నుంచి బయటికి తెచ్చిన రోజున, తను దొంగతనం చేస్తున్నానని అనుకోలేదు. పారబోసేదాన్నే కదా తీసుకెళ్తున్నాను అనుకుంది. మూతకి టేపు చుట్టి, టిఫిన్ క్యారియర్లో ఖాళీ గిన్నెల మధ్య సర్ది, గేటు దగ్గర సెక్యూరిటీ అతన్ని చూసి రోజూలాగే నవ్వి, అనకాపల్లి బస్సెక్కింది.

వాళ్ల లాబ్ విశాఖపట్నంలో, సముద్రానికి ఎదురుగా గుట్ట మీద ఉంది. ఆమె చేరిన కొత్తలో అక్కడ గుండెకి బలమని చెప్పి మెగ్నీషియం మాత్రలు, చేపనూనె గుళికలు తయారు చేసేవారు. మింగినదాంట్లో సగం ఒంటికి పట్టకుండానే పోయేది. ఆ నష్టం చూడలేక లాబ్ పెద్ద డాక్టర్ ముకుందరావు ఒక ఉపాయం ఆలోచించాడు. పోషకాన్ని మింగించే బదులు, దాన్ని కడుపులోనే వండిపెట్టే సూక్ష్మజీవిని మింగిస్తే ఎలా ఉంటుంది? పాలని పెరుగు చేసే జీవినే తీసుకుని, ఏళ్ల తరబడి దాన్ని మార్చి మార్చి చివరికి సాధించారు. అది పేగుల్లో కాపురం పెట్టి, మనం తిన్న ఆకుకూరలోంచీ పప్పులోంచీ మెగ్నీషియాన్ని ఏరి, దానికి తను తయారు చేసిన ఇంకో పదార్థాన్ని జతచేసి రక్తంలోకి పంపేది. ఆ మిశ్రమం, గుండెలో ఎక్కడైతే కొట్టుకోవడం మొదలవుతుందో అక్కడికి చేరి, గతి తప్పిన గుండెని మళ్లీ దారిలో పెట్టేది. లాబ్‌లో దానికి పెద్ద పేరేదో ఉంది గానీ అందరూ 'తోడు' అనే పిలిచేవారు.

మొదట చేసిన తోడుకి చావు లేదు. పాలు తగిలితే చాలు, పెరుగుతూనే ఉంటుంది. అందుకని నాలుగు రోజుల్లో తనంతట తనే చచ్చిపోయే రెండో రకాన్ని తయారు చేశారు. అది జాగ్రత్త కోసమని ముకుందరావు చెప్పేవాడు. జనం మళ్లీ మళ్లీ కొనుక్కోవడం కోసమని కింది వాళ్లు గుసగుసలాడుకునేవారు. సత్యవేణి రెండో మాటే నమ్మింది. అలా నమ్మడం వల్ల పారబొయ్యమన్న మొదటి రకం సీసా తెచ్చుకోవడం తేలికైంది.

తెచ్చింది వాళ్లమ్మ కోసం. నూకరత్నం బెల్లం మార్కెట్ వెనక వీధిలో జాకెట్లు కుడుతుంది. భర్త పోయాక ఆ కుట్టుమిషన్ మీదే కూతుర్ని చదివించిన మనిషి. అలాంటిదానికి గుండెదడ పట్టుకుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ఉండగా గుండె గతి తప్పి, గుప్పెట్లో చిక్కిన పిట్టలా కొట్టుకునేది. డాక్టరు మాత్రలతో దడ తగ్గేది గానీ పొద్దంతా మగతగా ఉండేది. ఆ మగతలో ఒకసారి మిషన్ సూది వేలిలో దిగబడిపోయింది. కూతురు లాబ్ నుంచి తెచ్చిన మెగ్నీషియం మాత్రలు వేసుకుంటే విరేచనాలయ్యాయి తప్ప గుండె కుదుటపడలేదు.

"ఇదేటే అమ్మీ, పెరుగా, మందా?" సీసాని వెలుగులోకి ఎత్తి చూస్తూ అడిగింది నూకరత్నం.

"రెండూను. పాలల్లో తోడు పెట్టుకుని రోజూ ఒక కప్పు తిను. డాక్టరు మాత్రలు నేను చెప్పేదాకా మానకు. ఇంకో మాటమ్మా, ఇది ఎవరికీ పెట్టకు."

"ఏం?"

"ఇంకా బజార్లోకి రాలేదు. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది."

నెల తిరక్కుండానే నూకరత్నం గుండె దారిలో పడింది. సత్యవేణి వెళ్లినప్పుడల్లా అమ్మ మణికట్టు పట్టుకుని చూసేది. నాడి కొత్త మిషన్ మీద వేసిన కుట్టులా వరసగా, ఒకే ఎడంతో నడిచేది. డాక్టరు కూడా ఆశ్చర్యపోయి మాత్రలు సగానికి తగ్గించాడు. మగత పోయింది. ఆ శ్రావణమాసంలో నూకరత్నం పొద్దు పోయేదాకా జాకెట్లు కుట్టి, అలసట లేకుండా అన్నం తింది. అమ్మని అలా చూసి, తన చదువు ఇన్నాళ్లకి ఒకందుకు పనికొచ్చిందనుకుంది సత్యవేణి.

*

ఆ మార్గశిరంలో లాబ్‌లో రెండో రకం తోడుని మనుషుల మీద పరీక్షించారు. గుండెదడ ఉన్నవాళ్లు కొందరు, పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లు కొందరు. దడ ఉన్నవాళ్లందరికీ కుదురు వచ్చింది. లాబ్‌లో మిఠాయిలు పంచుకున్నారు.

కుర్రవాళ్లని పరుగు మిషన్ మీద ఎక్కించిన రోజున మాత్రం సత్యవేణికి మనసు బాగోలేదు. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడే కుర్రాడొకడు బాగానే మొదలుపెట్టి, వేగం పెంచగానే పక్క కడ్డీ పట్టుకుని ఆగిపోయాడు. పెదవులు పాలిపోయాయి.

"కాళ్లు రావట్లేదు మేడమ్. ఊపిరి ఆడుతోంది గానీ కాళ్లకేం అందట్లేదు" అన్నాడు.

సత్యవేణి తెర వైపు చూసింది. ఆ కుర్రాడి గుండె కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నవాడి గుండెలా కొట్టుకుంటోంది. పరిగెత్తమని ఒళ్లు అడుగుతుంటే అది విననట్టు తన నడక తను నడుస్తోంది.

ముకుందరావుకి చూపిస్తే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మనం అమ్మేది పెద్దవాళ్లకమ్మా. కుర్రకారు దీన్నెందుకు తింటారు? డబ్బా మీద ఒక హెచ్చరిక రాద్దాం. నాలుగు రోజులు మానేస్తే వీడూ మామూలుగా అయిపోతాడు."

అది రెండో రకం. నాలుగు రోజుల్లో చచ్చేది. మా ఇంట్లో ఉన్నదో? ఆ ప్రశ్న సత్యవేణి మనసులోకి రాకపోలేదు. మా అమ్మ పరిగెత్తే మనిషి కాదు కదా అని తనే జవాబు చెప్పుకుని ఆ పూటకి ఊరుకుంది.

*

సంక్రాంతి వెళ్లి చలి తగ్గుతున్న రోజుల్లో నూకరత్నం ఫోన్ చేసింది. "మన ఎదురింటి గౌతమి గ్రౌండ్‌లో పడిపోయిందటే. పోలీసు పరుగులో. ఆసుపత్రిలో పెట్టారట."

గౌతమి సత్యవేణికి చిన్నప్పటినుంచీ తెలుసు. తండ్రి లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. తల్లి సింహాద్రమ్మ మార్కెట్లో బెల్లం దిమ్మలకి గోనెలు చుడుతుంది. గౌతమి డిగ్రీ చేసి కానిస్టేబులు పరీక్ష రాసి నెగ్గింది. మిగిలింది పరుగే. తెల్లారకముందే లేచి శారదా నది గట్టు మీద పరిగెత్తేది. వీధిలో పాలవాడికంటే ముందు గౌతమి బూట్ల చప్పుడే వినిపించేదని నూకరత్నం చెబుతూ ఉండేది. అలాంటి పిల్ల సగం పరుగులో కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి, ఏ జబ్బూ లేదు, నీరసం అని చెప్పి పంపేశారు. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందని ఒక డాక్టరు అన్నాడట. పరుగెత్తేవాళ్ల గుండె అలాగే ఉంటుందని ఇంకో డాక్టరు కొట్టిపారేశాడట.

సత్యవేణి ఆదివారం చూడ్డానికి వెళ్లింది. గౌతమి గోడకి ఆనుకుని కూర్చునుంది. మనిషి చిక్కిపోలేదు. ముఖంలో మాత్రం వెలుగు లేదు. సింహాద్రమ్మ బయటికి ఒకసారి చూసి, తలుపు ఓరగా వేసి గొంతు తగ్గించింది.

"ఏటి చెప్పమంటావు సత్యమ్మా. పడిపోయిందన్న బాధ కన్నా వీధి నోరు ఎక్కువైపోయింది. పెళ్లి కాని గుంట అలా కళ్లు తిరిగి పడిపోతే ఏటనుకోవాలి అంటున్నారు. కుళాయి కాడ నా మొహం మీదే అడిగింది ఒకావిడ, ఎన్నో నెలని."

గౌతమి తల ఎత్తలేదు. "నాకే అర్థం కావట్లేదు సత్యక్కా. సంక్రాంతి ముందు నుంచే కాళ్లు బరువుగా ఉండేవి. ఇంకా గట్టిగా పరిగెత్తాను. ఈ చేతి వాచీ కూడా చెడిపోయింది, ఎంత పరిగెత్తినా అంకె పైకి పోదు. గుండె ఎంత కొట్టుకుంటోందో చూపిస్తుందని చీటీ కట్టి మరీ కొనిచ్చింది అమ్మ."

సత్యవేణికి పరుగు మిషన్ మీద కడ్డీ పట్టుకుని నిలబడిపోయిన కుర్రాడు కళ్ల ముందు మెదిలాడు. కానీ ఈ ఇంటికీ దానికీ సంబంధమేముంది అనుకునేలోపే సింహాద్రమ్మ కంచం తెచ్చి ముందు పెట్టింది. వద్దంటే ఊరుకోలేదు. వంకాయ కూర, చారు అయ్యాక, స్టీలు గిన్నెలోంచి గరిటెతో పెరుగు తీసి అన్నం మీద వేసింది. గడ్డగా, తెల్లగా, కోసినట్టు పడింది.

"మీ అమ్మ ఇచ్చిన తోడే. రత్నమప్ప తోడు వచ్చాక మా ఇంట్లో పెరుగు పులుపెక్కడం మర్చిపోయింది. గౌతమికైతే అదే అన్నం. పరుగు నుంచి రాగానే గిన్నెడు తినేస్తుంది."

సత్యవేణి చెయ్యి అన్నంలో ఆగిపోయింది.

"ఏం సత్యమ్మా, బాగోలేదా?"

"బాగుంది పిన్నీ" అంది సత్యవేణి. అని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని మింగింది. తల్లీ కూతుళ్లిద్దరూ తననే చూస్తుంటే కంచం ఖాళీ చేసింది. వెళ్లేముందు, ఊరికే చూస్తానని గౌతమి మణికట్టు పట్టుకుంది. డాబా మెట్లు ఎక్కి దిగి రమ్మంది. గౌతమి రొప్పుతూ దిగొచ్చింది. చెమట పట్టింది. నాడి మాత్రం ఎక్కకముందు ఎలా ఉందో దిగాకా అలాగే ఉంది.

"ఏముంది సత్యక్కా?" అడిగింది గౌతమి.

"ఏం లేదమ్మా. రెస్టు తీసుకో."

ఆ మాట తన నోట్లోంచి అంత సాఫీగా ఎలా వచ్చిందో సత్యవేణికి తెలియలేదు. వీధి దాటి నేరుగా అమ్మ దగ్గరికి వెళ్లింది.

*

నూకరత్నం మిషన్ ముందు కూర్చుని చేతి కుట్టు వేస్తోంది.

"ఎవరెవరికి ఇచ్చావమ్మా?"

"ఏది?"

"తోడు."

నూకరత్నం సూది బట్టలో గుచ్చి వదిలేసింది. "సింహాద్రమ్మ ఒకసారి గిన్నె పట్టుకుని వచ్చింది. వాళ్ల పాలు విరిగిపోయాయట, తోడు లేదట. కళ్లెదురుగా పెరుగు గిన్నె పెట్టుకుని తోడు లేదని ఎలా చెప్పనే? ఆ తర్వాత ఆవిడ ఇంకొకళ్లకిచ్చింది. ఇప్పుడు మన వీధిలో అందరిదీ ఒకటే తోడు. మా అమ్మాయి లాబ్ పెరుగని నేనెవరికీ చెప్పలేదు. నీ ఉద్యోగానికి ఏం కాదు."

"ఎవరికీ పెట్టొద్దన్నాను కదమ్మా!" సత్యవేణి గొంతు పెరిగింది. జరిగింది చెప్పింది. పరుగు మిషన్ మీద కుర్రాడు, గౌతమి నాడి, అన్నీ.

నూకరత్నం కూతుర్ని తిట్టలేదు. మెల్లిగా అంది.

"ఉద్యోగం పోతుందన్నావు గానీ, మనుషులకి ప్రమాదమని నాకు చెప్పలేదు కదే."

సీసా ఇచ్చిన రోజునే, ఇది జాగ్రత్త కోసమని లాబ్ పక్కన పెట్టిన రకమని సత్యవేణి చెప్పి ఉంటే అమ్మ తినేది కాదు. అందుకే చెప్పలేదు. అసలు తనకి తనే చెప్పుకోలేదు.

*

ఆ తోడుకి విరుగుడు లాబ్‌లోనే ఉంది. ఏ జీవిని తయారు చేసినా, దాన్ని మాత్రమే తినేసే వైరస్‌నొకదాన్ని కూడా తయారు చేసి ఉంచడం వాళ్ల పద్ధతి. నీళ్లలో నాలుగు చుక్కలు కలుపుకుని తాగితే చాలు, కొద్ది రోజుల్లో పేగుల్లో తోడు అంతరించిపోతుంది. కానీ ముకుందరావు తాళం తీయనిదే అది బయటికి రాదు. సత్యవేణి ఆయన గదిలో నిలబడే అంతా చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆయన కోప్పడతాడనుకుంది. ఆయన కోప్పడలేదు. కిటికీలోంచి కనిపించే సముద్రం వైపు తిరిగాడు.

"మా నాన్న ఇదే గుండె జబ్బుతో పోయాడు, తెలుసా నీకు" అన్నాడు. "ఈ ఒక్క పని పూర్తి చేసి రిటైరవుదామనుకున్నాను. ఇది బయటికి పొక్కితే కంపెనీ మూసేస్తారు. దీనితో బాగుపడాల్సిన వేలమంది అలాగే ఉండిపోతారు." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "ఇలా చేద్దాం. మీ వీధిలో ఉచిత ఆరోగ్య శిబిరం పెడదాం. బీపీ చూస్తాం, షుగర్ చూస్తాం, బలం మందని చెప్పి విరుగుడు తాగిస్తాం. ఇంట్లో ఉన్న పెరుగు తెచ్చిస్తే మంచి తోడు ఇస్తామందాం. వారం పది రోజుల్లో అందరూ మామూలుగా అయిపోతారు. ఎవరికీ నష్టం లేదు. నేను నీకు చెడు చెయ్యట్లేదమ్మా."

"గౌతమి?"

"ఆ అమ్మాయి వచ్చే ఏడాది పరిగెత్తుతుంది."

సత్యవేణి ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది కూడా. ఆ తేలికదనమే తర్వాత ఆమెని అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపరిచింది.

*

శిబిరానికి వీధి చివర షామియానా వేశారు. సత్యవేణి పెద్ద ఉద్యోగంలో ఉండి కూడా పుట్టిన వీధిని మర్చిపోలేదని అందరూ మెచ్చుకున్నారు. ఎవరో ఆమె మెడలో బంతిపూల దండ వేయబోతే చేతులడ్డం పెట్టింది. అది వినయమనుకున్నారు. గిన్నెల్లో పెరుగు పట్టుకుని ఆడవాళ్లు వరసలో నిలబడ్డారు. పోస్టుమాస్టరుగా చేసి దిగిపోయిన జగ్గారావు గారు మాత్రం గిన్నె ఇవ్వనని పేచీ పెట్టుకున్నాడు. "ఈ పెరుగు తిన్నాక నాకు ఆయాసం లేదు, దడ లేదు. దీన్ని పారబోయడమేటి? కావాలంటే నా బీపీ చూసుకోండి" అంటున్నాడు.

నూకరత్నం రాలేదు. ఇంట్లోనే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి సింహాద్రమ్మ వచ్చింది, గౌతమిని చెయ్యి పట్టుకుని లాక్కొస్తూ. పిల్ల పడిపోయాక వీధిలోకి రావడం అదే మొదటిసారి. వరసలో గుసగుసలు మొదలై ఆగిపోయాయి. సింహాద్రమ్మ వరసలో నిలబడలేదు. నేరుగా సత్యవేణి బల్ల ముందుకి వచ్చి, అందరికీ వినిపించేలా అంది.

"సత్యమ్మా, మాకు మందొద్దు, పరీక్షలొద్దు. చదువుకున్నదానివి, నీ మాట అందరూ నమ్ముతారు. నా పిల్లని చూసి, దీనిలో ఏ తప్పూ లేదని నీ నోటితో ఒక్క మాట చెప్పు. ఈ వీధికి చెప్పు."

గౌతమి కళ్లు నేల మీదే ఉన్నాయి. చున్నీ కొసని వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. సత్యవేణికి, వెనక కుర్చీలో కూర్చున్న ముకుందరావు చూపు తన వీపు మీద తెలుస్తూనే ఉంది. ఈ పిల్లలో తప్పు లేదు అని ఒక్క ముక్క అనేసి కూర్చోవచ్చు. అందరూ నమ్ముతారు. ఆ నమ్మకాన్నే ఆమె వాడుకోలేకపోయింది.

"తప్పుంది పిన్నీ" అంది. సింహాద్రమ్మ ముఖం ఒక్కసారిగా నల్లబడింది. సత్యవేణి లేచి నిలబడింది. "తప్పు నాది. గౌతమి పడిపోయింది నా వల్ల. మా అమ్మ కోసం లాబ్ నుంచి దొంగతనంగా తెచ్చిన తోడు ఇది. పెద్దవాళ్ల గుండెని కుదురుగా ఉంచుతుంది. పరిగెత్తేవాళ్ల గుండెని పరిగెత్తనివ్వదు. మీరందరూ తింటున్నది అదే. ఇది బలం మందు కాదు, దానికి విరుగుడు. మీకు తెలియకుండా తాగించి వెళ్లిపోదామని వచ్చాం."

అక్కడితో ఆపలేదు. మొన్న గౌతమి వాళ్లింట్లో అన్నం తింటూనే తనకి తెలిసిపోయిందనీ, తెలిసి కూడా బాగుందని చెప్పి తిన్నాననీ ఆ మాటతో పాటే చెప్పేసింది.

మొదట మాట్లాడింది గౌతమి.

"అయితే నేను బాగానే ఉన్నానా సత్యక్కా?" అంది. ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. "నాలో ఏ లోపమూ లేదా? వాచీ కూడా చెడిపోలేదా?" అని నవ్వేసింది. పక్కనున్న తల్లి భుజం పట్టుకుని ఊపింది.

సత్యవేణి తిట్లకి సిద్ధపడింది. ఆ నవ్వుకి సిద్ధపడలేదు. తల దించుకుంది.

తిట్లు తర్వాత వచ్చాయి. "మేం నీకు ఎలకల్లా కనబడ్డామా?" అని అరిచింది ఒకావిడ. ఇంకొకావిడ బిడ్డని చంకనేసుకుని ఏడ్చింది, వాడు ఈ మధ్య ఆటలాడకుండా పడుకుంటున్నాడని. పెరుగు గిన్నె ఎవరో నేలకేసి కొట్టారు. గౌతమి నవ్వు కూడా కాసేపే నిలిచింది. జరిగిందంతా బుర్రకెక్కాక బల్ల దగ్గరికొచ్చి, గొంతు పెంచకుండానే అడిగింది.

"ఆ రోజు నా చెయ్యి పట్టుకుని ఏం లేదన్నారు. రోజూ అద్దంలో నన్ను నేను తిట్టుకున్నాను అక్కా. ఆ రోజులు ఎవరిస్తారు?"

అప్పుడు వచ్చింది నూకరత్నం. ఎవరు పిలుచుకొచ్చారో తెలియదు. జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి, చంకలోంచి తన పెరుగు గిన్నె తీసి అక్కడ పెట్టింది.

"నాకు ముందు పొయ్యండి విరుగుడు" అంది.

"అమ్మా, నీకు..." సత్యవేణి ఆపబోయింది. "నీకు మళ్లీ దడ వస్తుంది. నిన్ను వేరుగా లాబ్‌లో..."

"వీధంతా పారబోసుకుని నేనొక్కదాన్నీ తినాలా?" నూకరత్నం గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో తాగేసింది. ఆ తర్వాత జగ్గారావు గారు కూడా గొణుక్కుంటూ గిన్నె తెచ్చి పెట్టాడు.

*

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. సత్యవేణి ఉద్యోగం పోయింది. విచారణ వాళ్లు వచ్చి లాబ్‌కి సీలు వేశారు. ముకుందరావు ఆమె మీద చాడీలు చెప్పలేదు, ఆమెతో మాట్లాడనూ లేదు. వీధిలో పాత పెరుగంతా కాల్చిన సున్నం వేసి పూడ్చారు. పిల్లలు మళ్లీ ఆటలకి ఎగబడ్డారు. జగ్గారావు గారికి ఆయాసం తిరిగి వచ్చింది.

నూకరత్నానికి దడా, మాత్రలూ, మగతా, అన్నీ తిరిగి వచ్చాయి. జాకెట్లకి ఎవరూ రావడం లేదు. సత్యవేణి అమ్మ దగ్గరే ఉంటోంది. మధ్యాహ్నాలు నూకరత్నం మంచం మీద పడుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని కళ్లు మూసుకుంటుంది. కూతురు పక్కనే కూర్చుని విసురుతుంది. "నీ గుండె బాగుచేద్దామనుకున్నానమ్మా" అంది ఒకసారి. "బాగు చేశావు కదే. ఆరేడు నెలలు హాయిగా బతికాను. అదే సిగ్గుగా ఉంది నాకు" అంది నూకరత్నం కళ్లు తెరవకుండానే.

ఒక పొద్దున్న గౌతమి గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

"పరుగు మళ్లీ పెట్టమని అడగడానికి వెళ్తున్నాను. నేను చెబితే నమ్మరు. మీరు రావాలి" అంది.

ఇద్దరూ విశాఖ బస్సెక్కారు. గౌతమి ముందు సీట్లో కూర్చుంది. సత్యవేణి వెనక కూర్చుని దారి పొడుగునా ఆ పిల్ల జడ వైపే చూస్తూ వెళ్లింది. నియామకాల ఆఫీసులో చాలాసేపు నిలబడ్డాక ఒక అధికారి పిలిచాడు. పడిపోయినవాళ్లందరూ ఏదో కారణం చెబుతారన్న విసుగు ఆయన ముఖంలోనే ఉంది. సత్యవేణి మొదలు పెట్టబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"ముందు మీరెవరో చెప్పండి. ఈ అమ్మాయికి ఏమవుతారు?"

సత్యవేణికి లాబ్ పేరు చెప్పుకునే హక్కు పోయింది. అక్కనని చెప్పుకునే ముఖం లేదు. ఈ పిల్లని పడగొట్టినదాన్ని అని చెప్పాలి, అదే నిజం. ఆ మాట కోసం వెతుక్కుంటుండగా పక్కనుంచి గౌతమి, ఆమె వైపు చూడకుండానే, జవాబిచ్చింది.

"మా వీధి మనిషి సార్."

సత్యవేణికి చెవులు వేడెక్కాయి. తిట్టి ఉంటే తలెత్తుకుని నిలబడేదేమో. అప్పుడు మాత్రం బల్ల అంచు పట్టుకుని, తల దించుకునే, సీసా టిఫిన్ క్యారియర్లో సర్దుకున్న సాయంత్రం నుంచి మొదలుపెట్టి ఒక్కటీ దాచకుండా చెప్పింది. అధికారి మధ్యలో కలం కింద పెట్టి విన్నాడు. పై వాళ్లకి రాస్తాను, మాట ఇవ్వలేను అన్నాడు.

వానలు వెనకబట్టాక గౌతమిని మళ్లీ పిలిచారు. పరిగెత్తింది, నెగ్గింది. వీధిలో లడ్డూలు పంచారు. ఆ కబురు అందరికంటే ఆఖరున తెలిసింది సత్యవేణికే. సింహాద్రమ్మ ఆ రోజు గడప దాటి లోపలికి రాకుండా, కాగితం పొట్లంలో రెండు లడ్డూలు కిటికీలో పెట్టి వెళ్లిపోయింది. ఒకటి నూకరత్నానికనీ, రెండోది తనకేననీ అర్థం చేసుకోవడానికి సత్యవేణికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక కూడా దాన్ని చేతిలోకి తీసుకోవడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.